చూసేవాళ్ళ సొర, పట్టేవాళ్ళ సొర

2021 డిసెంబరులో తంతడి ఒడ్డుకు ఒక తిమింగల సొర కొట్టుకొచ్చింది. బరువు సుమారు రెండు టన్నులన్నారు. తంతడి అప్పట్లో విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. అటవీశాఖ సిబ్బంది, జాలర్లు, వన్యప్రాణుల కోసం పనిచేసేవాళ్ళు కలిసి దాన్ని మెల్లగా లోతుకు మళ్ళించారు. అది బతికి సముద్రంలోకి వెళ్ళిపోయింది. ఆ వార్తలో చివరి వాక్యంగా వచ్చిన సంగతి ఒకటుంది, నాకు అదే ముఖ్యమనిపిస్తుంది. ఆ సొర ఫొటోలను మాల్దీవుల తిమింగల సొరల పరిశోధన కార్యక్రమానికి పంపించారు, ఇంతకుముందు అక్కడ ఎవరికైనా కనబడిందేమో పోల్చి చూడమని.

మన ఒడ్డున పడ్డ చేప ఆనవాలు మాల్దీవుల్లో ఎందుకు వెతకాలి? తిమింగల సొర ఒంటి మీద తెల్లని చుక్కలుంటాయి. మొప్పల చీలికల వెనక ఉండే ఆ చుక్కల అమరిక ఏ రెండు సొరలకూ ఒకేలా ఉండదు, మన వేలిముద్రల్లాగే. ఆకాశంలో నక్షత్రాల ఫొటోలను పోల్చడానికి ఖగోళ శాస్త్రజ్ఞులు వాడే లెక్కను 2005లో ఈ చుక్కలకు మలిచారు. దాంతో ఒక ఫొటోను వేల ఫొటోలతో సరిచూడటం తేలికైంది. ఆ వేల ఫొటోల్లో చాలా భాగం డబ్బు కట్టి సొర పక్కన ఈదడానికి వచ్చిన పర్యాటకులు తీసినవే. మాల్దీవుల్లో దక్షిణ ఆరి అటాల్ దగ్గర ఏడాది పొడుగునా తిమింగల సొరలు కనబడతాయి. వాటి కోసం జనం వస్తారు, ఆ జనం కెమెరాలే పరిశోధనకు కళ్ళు.

నర్సీపట్నం పక్కనున్న మా బలిఘట్టం సముద్రానికి దూరం. ఇక్కడ బ్రహ్మలింగేశ్వరుడి గుడి దగ్గర ఉత్తరంగా తిరిగే వరాహ నది కిందికి పారి, శారదతో కలిసి, రాంబిల్లి వైపున సముద్రంలో పడుతుంది. పూడిమడకా తంతడీ ఆ తీరం మీదివే. శివరాత్రి తీర్థానికి నదీస్నానం చేసే మనకు ఆ నీళ్ళు చేరే చోట ఏం జరుగుతోందో అంతగా పట్టదు. సొరకూ మనకూ ఉన్న సంబంధం మాత్రం చిన్నది కాదు. అది బజారులో ఉంది, వంటింట్లో ఉంది. ఆ మాటకు తర్వాత వస్తాను.

డబ్బు తీసుకుని సొరను చూపించే వ్యాపారం సొరను బతికిస్తుందా అన్నది ముప్పై ఏళ్ళుగా నలుగుతున్న ప్రశ్న. బతికిస్తుందనేవాళ్ళ దగ్గర అంకెలున్నాయి, చెరుపు చేస్తుందనేవాళ్ళ దగ్గరా ఉన్నాయి. ఊరికో రకంగా తేలిన జవాబులన్నీ పక్కపక్కన పెట్టి చూశాక నాకు తోచింది ముందే చెబుతాను. సొర ప్రాణం దాన్ని చూడటానికి నీళ్ళలోకి దూకేవాడి చేతిలో లేదు, వల లాగేవాడి చేతిలో ఉంది. పర్యాటకం డబ్బు ఆ రెండో మనిషికి చేరిన చోట సొరలు నిలిచాయి. చేరని చోట హోటళ్ళు మాత్రమే నిలిచాయి.

సొరల పరిస్థితి ఎంత దిగజారిందో ముందు గుర్తు చేసుకోవాలి. 1970 నుంచి 2018 మధ్య నడి సముద్రపు సొరలు, వాటి బంధువులైన టేకి చేపల (రేల) సంఖ్య 71 శాతం పడిపోయిందని 2021 జనవరిలో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. అదే ఏడాది వచ్చిన మరో పెద్ద మదింపు, సొరలూ వాటి బంధువర్గంలోని జాతుల్లో మూడింట ఒక వంతుకు పైగా అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నాయంది. కారణం దాదాపు అన్నిచోట్లా ఒక్కటే, మితిమీరిన వేట. రెక్కలు కోసి మొండేన్ని నీళ్ళలో పారేయడాన్ని చాలా దేశాలు నిషేధించాయి. అయినా 2012లో ఏటా 7.6 కోట్లున్న సొరల చావులు 2019 నాటికి 8 కోట్లకు పెరిగాయని 2024లో సైన్స్ పత్రిక ప్రచురించింది. రెక్క వద్దన్నారు, మాంసానికి గిరాకీ పెరిగింది. మామూలు చేప ఒక్క విడతలో లక్షల గుడ్లు పెడుతుంది. సొర అలా కాదు. చాలా జాతులు ఏళ్ళ తరబడి పెరిగి, కడుపులో నెలల తరబడి మోసి, కొద్ది పిల్లల్నే కంటాయి. తిమింగల సొర ఈడుకు రావడానికే పాతికేళ్ళకు పైగా పడుతుందంటారు. ఒకసారి బాగా తరిగితే మళ్ళీ ఆ సంఖ్యకు చేరడానికి దశాబ్దాలు పట్టవచ్చు.

చూపించి సంపాదించడం చంపి సంపాదించడం కంటే లాభమన్న లెక్క మొదట కట్టింది కూడా మాల్దీవుల్లోనే. 1993లో అక్కడి ఒక అధ్యయనం, పేరున్న ఒక డైవింగ్ స్థలంలో తిరిగే ఒక్కో బూడిదరంగు సొర మీద ఏడాదికి 33,500 డాలర్ల ఆదాయం వస్తోందనీ, దాన్నే పట్టి అమ్మితే జాలరికి దక్కేది 32 డాలర్లేననీ చూపింది. ఆ రెండు అంకెలు ప్రపంచమంతా తిరిగాయి. 1998లో పర్యాటక అటాళ్ళలో సొర వేటను పదేళ్ళపాటు ఆపారు. 2010 మార్చిలో దేశమంతటా నిషేధించారు. పసిఫిక్‌లోని పలావ్ అంతకు కొన్ని నెలల ముందే, 2009 సెప్టెంబరులో, ఐక్యరాజ్యసమితి సభలో తన సముద్రమంతా సొరలకు అభయారణ్యమని ప్రకటించింది. అక్కడ జరిగిన అధ్యయనం మరీ పెద్ద అంకె చెప్పింది. సొరల డైవింగ్ వల్ల ఏడాదికి 1.8 కోట్ల డాలర్లు, అంటే దేశ ఆదాయంలో సుమారు 8 శాతం. మనుషులు వచ్చి చూసే వంద సొరల్లో ఒక్కోటి జీవితకాలంలో 19 లక్షల డాలర్లు తెస్తుంది. చంపితే 108 డాలర్లు.

ఈ అంకెలు అబద్ధాలు కావు. పార్లమెంటులో, మంత్రుల గదుల్లో బాగా పనిచేశాయి కూడా. సొర అంటే 1975 నాటి జాస్ సినిమాలోని నరభక్షకి అనుకునే కాలంలో, అది దేశానికి ఆస్తి అని ఒక ప్రభుత్వం చేత అనిపించడం చిన్న పని కాదు. అయితే ఈ లెక్కలో దాగిన సంగతి ఒకటుంది. 19 లక్షల డాలర్లు డైవింగ్ కంపెనీకి, హోటల్‌కు, విమానాలకు, ప్రభుత్వ ఖజానాకు వస్తాయి. 108 డాలర్లు జాలరికి వస్తాయి. వీళ్ళిద్దరూ ఒకే మనిషి కారు. చంపకుండా వదిలేస్తే జాలరికి 19 లక్షలు రావు, చేతికొచ్చే 108 కూడా పోతాయి. ఒక దేశం మొత్తాన్ని ఒకే ఇల్లు అనుకుంటేనే ఈ లెక్క కుదురుతుంది.

మాల్దీవుల్లో ఇది 2021లో బయటపడింది. నిషేధం వచ్చిన పదకొండేళ్ళకు సొరలు పెరిగాయనీ, గేలానికి పడిన చేపను పైకి లాగేలోపు కొరుక్కుపోతున్నాయనీ కొందరు జాలర్లు గోడు పెట్టుకున్నారు. సొర వేటను మళ్ళీ అనుమతించే ఆలోచన ఉందని ప్రభుత్వం అనగానే డైవర్లు, పర్యాటక సంస్థలు, శాస్త్రవేత్తలు గట్టిగా ఎదురు తిరిగారు. ఆ ఏప్రిల్‌లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. సొరలకు అది విజయం, నేను సంతోషించాను. కానీ ఆ జాలరి చెప్పిన నష్టం నిజమే. పర్యాటకుల కోసం కాపాడిన జంతువు తన పళ్ళెంలో చెయ్యి పెడుతుంటే అతనికి ఎవరు ఏమిచ్చారన్న ప్రశ్న అలాగే మిగిలింది.

ఫిజీ ఈ ముడిని ఇంకో రకంగా విప్పింది. బెకా జలసంధిలో షార్క్ రీఫ్ అనే చోట బుల్ షార్కులు గుంపుగా తిరుగుతాయి. ఆ రీఫ్ మీద వేట హక్కు తరతరాలుగా దగ్గరి పల్లెలది. 2004 ప్రాంతంలో ఒక డైవింగ్ సంస్థ ఆ పల్లెలతో ఒప్పందం చేసుకుంది. పల్లెవాళ్ళు అక్కడ చేపలు పట్టరు. దిగే ప్రతి డైవర్ నుంచీ వసూలు చేసే రుసుము నేరుగా పల్లెకు పోతుంది. ఆ ఊళ్ళ కుర్రాళ్ళు డైవింగ్ గైడ్లుగా, కాపలాదార్లుగా శిక్షణ పొందారు. 2014లో ఆ చోటు దేశంలోనే మొదటి జాతీయ సముద్ర ఉద్యానం అయింది. 2010లో ఫిజీ మొత్తం మీద సొరల డైవింగ్ ఆదాయం 4.2 కోట్ల డాలర్లయితే, అందులో కనీసం 40 లక్షలు జీతాలుగా, రుసుముగా స్థానికులకు దక్కాయని లెక్క. పదో వంతు. ఎక్కువేం కాదు. అయినా పల్లెకు పదో వంతు చేరడానికే అంత పకడ్బందీ ఒప్పందం కావలసి వచ్చిందంటే, ఒప్పందం లేని చోట చేరేది ఎంతో ఊహించవచ్చు. అక్కడ పనిచేసింది సముద్రం మీద పల్లెకున్న హక్కు. హక్కు ఉన్నవాడితో బేరమాడాలి. లేనివాడికి దయ చూపితే చాలు, అదీ వీలున్నప్పుడు.

ఎర వేసి సొరను రప్పించడం మీద తగువు వేరే. ఫిలిప్పీన్స్‌లో ఓస్లోబ్ దగ్గర తన్-అవన్ అనే పల్లె ఉంది. చిన్న రొయ్యపొట్టు కోసం తిమింగల సొరలు జాలర్ల పడవల చుట్టూ తిరిగేవి. 2011 చివర్లో ఆ సంగతి బయటికి పొక్కి పర్యాటకులు విరగబడ్డారు. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే జాలర్లు చేత్తో రొయ్యలు చల్లుతారు, సొరలు వస్తాయి, జనం దిగుతారు. టికెట్ల మీదే ఐదేళ్ళలో కోటి డాలర్లు దాటిన ఆదాయం. దీనిలో పెద్ద వాటా జాలర్ల సంఘానిది, అంటే ఫిజీ కంటే సూటిగా డబ్బు పడవవాడి చేతికే వచ్చింది. పిల్లలు చదువుకున్నారు, పక్కా ఇళ్ళు లేచాయి, రీఫ్ మీద వేట తగ్గింది. మరి సొరకు? నెలల తరబడి దూరాలు తిరగవలసిన జంతువుల్లో కొన్ని అక్కడే ఉండిపోవడం మొదలెట్టాయి. పడవలకు అలవాటు పడి దగ్గరికొచ్చి ఒరుసుకోవడంతో చాలావాటి ఒంటి మీద గాట్లు పడ్డాయి. ఒకే చోట అంతమంది దిగడంతో పగడపు దిబ్బ దెబ్బతింది. ఇదే దేశంలో దోన్సోల్ అనే ఊరు 1998 నుంచి ఎర వేయకుండానే తిమింగల సొరలను చూపిస్తోంది. అక్కడ నిబంధన గట్టిది, గాట్లు తక్కువ. కానీ సొరలు రాని ఏడు పర్యాటకులూ రారు, ఆ ఏడు పడవవాళ్ళ పొయ్యి చల్లారుతుంది.

దూరాన కూర్చుని ఓస్లోబ్‌ను తిట్టడం తేలిక. నేను తిట్టలేను. ఎర మీద శాస్త్రం కూడా ఒకే మాట చెప్పడం లేదు. బహామాస్‌లో ఎర అలవాటైన పులి సొరలను ఉపగ్రహ పరికరాలతో వెంబడిస్తే, ఎర నిషేధం ఉన్న ఫ్లోరిడా సొరల కంటే అవి ఇంకా ఎక్కువ దూరమే తిరిగాయి. ఎర వల్ల అవి సోమరులైపోలేదు. ఆస్ట్రేలియాలో నెప్ట్యూన్ దీవుల దగ్గర మాత్రం బోనుల డైవింగ్ పెరిగిన కొద్దీ తెల్ల సొరలు అక్కడ ఉండే కాలం పెరిగింది, ప్రభుత్వం ఎర వేసే రోజులను తగ్గించింది. జాతిని బట్టి, చోటును బట్టి, ఎంత మేత అన్నదాన్ని బట్టి ఫలితం మారుతోంది. నా వరకు హద్దు ఒక్కటే. సొర ఆకలి తీర్చేంత మేత వేస్తే అది పెంపకం అవుతుంది. ఆ బాధ్యత మోసే శక్తి ఏ పర్యాటక సంస్థకూ లేదు.

ఇంకో బలహీనత ఉంది. ఒకే జంతువు మీద ఊరి బతుకు ఆనుకుంటే ఆ జంతువు వెళ్ళిపోయిన రోజు ఊరు ఏం చేస్తుంది? దక్షిణాఫ్రికాలోని గాన్స్‌బాయి తెల్ల సొరల రాజధానిగా పేరు పడింది. 2017లో రెండు ఓర్కా తిమింగలాలు వచ్చి తెల్ల సొరలను చంపి కాలేయాలు తినడం మొదలెట్టాయి. మిగిలిన సొరలు ఆ తీరం వదిలి పారిపోయాయి. బోను డైవింగ్ బోట్లు వేరే సొరలను చూపించుకుంటూ నడవాల్సి వచ్చింది. మెక్సికో గ్వాదలూపే దీవి దగ్గర తెల్ల సొరల డైవింగ్‌ను 2023 జనవరిలో ప్రభుత్వమే మూసేసింది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇలాంటి ఊళ్ళన్నీ ఒక్క నెలలో వెలవెలబోయాయి.

అన్నిటికంటే నన్ను బాధించేది మరొకటి. ప్రపంచంలో ఐదు వందలకు పైగా సొర జాతులున్నాయి. డబ్బు కట్టి చూడటానికి వచ్చేది పదీ పదిహేను జాతుల కోసమే. తిమింగల సొర, తెల్ల సొర, పులి సొర, సుత్తి తల సొర, బుల్ షార్క్, రీఫ్ సొరలు. నీళ్ళు తేటగా ఉండాలి, జంతువు పెద్దదిగా ఉండాలి, ఫొటోలో బాగుండాలి. సొరల బంధువులైన రంపపు చేపలు ఒకప్పుడు మన బంగాళాఖాతపు నదీముఖాల్లో ఉండేవి, ఇప్పుడు దాదాపు కనబడవు. వాటిని చూడటానికి ఎవరూ టికెట్ కొనలేదు. గిటారు ఆకారపు చేపలు, బురద నీళ్ళలో తిరిగే చిన్న సొరలు, మన తీరంలో వలకు పడేవాటిలో చాలావరకు ఈ కోవలోవే. 2013 నాటి ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 5.9 లక్షల మంది సొరలను చూడటానికి వెళ్ళి 31 కోట్ల డాలర్లు ఖర్చు చేస్తున్నారు. ఆ వెలుగు పడే చోటు చాలా చిన్నది. సొరలు చచ్చేది ఎక్కువగా చీకటి పడ్డ చోటే.

మన తీరం ఆ చీకట్లోనే ఉంది. సొరల వేటలో ఇండోనేసియాతో పాటు ముందు వరసలో ఉండే దేశం మనది. మన సముద్రాల్లో సుమారు 160 జాతుల సొరలు, టేకులు ఉన్నాయి. విశాఖ, కాకినాడ రేవుల్లో తెల్లవారుజామున వేలం చూసినవాళ్ళకు తెలుసు, సొర కోసమే బయల్దేరిన బోటు అరుదు. రొయ్యకు వేసిన ట్రాలు వలలో, చేపలకు వేసిన వలలో, ట్యూనాకు వేసిన గేలానికి సొర వచ్చి పడుతుంది. పడిందాన్ని పారేయరు. చేతి పొడవు కూడా లేని పాల సొరలు, సుత్తి తల సొర పిల్లలు గంపల్లో ఉంటాయి. పిల్లలే ఎక్కువ పడుతున్నాయంటే పెద్దవి తరిగాయనో, పిల్లలు పెరిగే ఒడ్డు నీళ్ళలోనే మన వలలు తిరుగుతున్నాయనో అర్థం. చాలాచోట్ల రెండూ నిజమే.

చట్టం లేక కాదు. 2001 మే నెలలో తిమింగల సొరను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు, ఆ రక్షణ పొందిన మొదటి చేప అదే. అదే ఏడాది సొరలూ టేకులూ అన్నిటినీ చేర్చి, జాలర్ల నిరసనతో డిసెంబరుకల్లా పది జాతులకు కుదించారు. 2013లో రెక్కలు విడిగా ఒడ్డుకు తేకూడదన్నారు. 2015 ఫిబ్రవరిలో సొర రెక్కల ఎగుమతి ఆపేశారు. 2022 సవరణతో రక్షిత జాతుల జాబితా పెరిగింది. ఈ క్రమం చూస్తే చట్టమంతా రెక్క చుట్టూ, ఎగుమతి చుట్టూ తిరిగింది. మన సొర మాత్రం ఎక్కువగా దేశంలోనే, మాంసంగా అమ్ముడవుతుంది.

వంటింటి మాట ఇక్కడే వస్తుంది. కోస్తాలో చాలా ఇళ్ళలో బాలింతకు సొర పిట్టు పెడతారు. పసుపేసి ఉడికించి, ఇసుకలా గరుకైన తోలు ఒలిచి, మెత్తని ఎముక తీసి, నీరు పిండి, పొడి పొడిగా నలిపి, ఉల్లి, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి, కరివేపాకుతో వేయించి పెడతారు. పాలు పడతాయని నమ్మకం. మా నర్సీపట్నం బజారుకీ సొర వస్తుంది. ఎండబెట్టింది ఏజెన్సీ సంతల దాకా ఎక్కుతుంది. ఈ వంటను నేను తక్కువ చేసి మాట్లాడను, తల్లి చేతి పత్యం అది. కానీ రెండు సంగతులు బాలింతల ఇళ్ళకు చేరాలి. పెద్ద సొరల మాంసంలో పాదరసం పేరుకుంటుంది. గర్భిణులూ పాలిచ్చే తల్లులూ మానుకోవలసిన చేపల్లో సొరను అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఏనాడో చేర్చింది. రెండోది, ఆ పత్యానికి కొనే గుప్పెడంత సొర, తల్లి అయ్యే వయసుకు రాకుండానే వలలో పడ్డది కావచ్చు. మాల్దీవుల డైవర్ ఎంత డబ్బు కట్టినా ఈ గొలుసుకు తగలదు. బంగాళాఖాతపు సొరకు సంబంధించినంత వరకు, మా బజారులో తూకం వేయించుకునే మనిషి నిర్ణయం ఆ డైవర్ నిర్ణయం కంటే బరువైనది.

తెలుగు జాలర్లు ఈ కథలో ఇంకా రెండు చోట్ల కనబడతారు. అండమాన్‌కు స్వాతంత్ర్యం తర్వాత మన ఉత్తరాంధ్ర మత్స్యకార కుటుంబాలు వెళ్ళి స్థిరపడ్డాయి. పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) జంగ్లీఘాట్ ఈనాటికీ తెలుగు వినబడే రేవు. సొరలు ఒడ్డుకొచ్చే రేవుల్లో అదొకటి. అక్కడి నుంచి పడవలో రెండు మూడు గంటల దూరంలో స్వరాజ్ ద్వీప్ ఉంది, దేశంలోకెల్లా పేరున్న స్కూబా కేంద్రం. ఒక దీవిలో సొరను చూడాలని డబ్బు కట్టి దిగి చాలాసార్లు చూడకుండానే పైకి వస్తారు. ఇంకో దీవిలో అదే సముద్రపు సొర గేలాల మీద ఒడ్డుకొస్తుంది. డైవింగ్ షాపు వేరే ఊరివాళ్ళది, గేలం మనవాళ్ళది, ఇద్దరి మధ్యా రూపాయి మారదు. సొర డైవింగూ సొర రక్షణా ఎంత దూరదూరంగా బతకగలవో చూడాలంటే పలావ్ దాకా పోనక్కర్లేదు.

రెండోది గుజరాత్. వెరావల్ బోట్ల మీద శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వలస వెళ్ళిన కలాసీలు, తండేళ్ళు వేలమంది. వాళ్ళలో ఇరవై మంది 2018లో పాకిస్తాన్‌కు పట్టుబడి 2020 జనవరిలో విడుదలైన సంగతి తెలుగునాట అందరికీ తెలుసు. ఆ వెరావల్, మాంగ్రోల్ రేవుల్లోనే ఒకప్పుడు తిమింగల సొరలను ఏటా వందల్లో చంపేవారు. కాలేయపు నూనె పడవల చెక్కకు పూసేవారు, మాంసం ఎగుమతి చేసేవారు. మైక్ పాండే 2000లో తీసిన డాక్యుమెంటరీ ఆ చావులను దేశానికి చూపించింది, మరుసటి ఏడు చట్టం వచ్చింది. చట్టంతో ఆగకుండా వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, గుజరాత్ అటవీశాఖ, టాటా కెమికల్స్ కలిసి 2004లో ప్రచారం మొదలెట్టాయి. రామకథ చెప్పే మొరారి బాపు, తిమింగల సొర పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్ల అన్నారు. ఆ మాట రేవుల్లో పనిచేసింది. మాటతో పాటు డబ్బూ పనిచేసింది. సొర చిక్కితే వల కోసి వదిలేయాలి, కోసిన వలకు అటవీశాఖ పరిహారం ఇస్తుంది. అధికారి వచ్చేదాకా ఆగనక్కర్లేకుండా జాలర్లకే కెమెరాలిచ్చి, వదిలేసిన ఫొటో చూపిస్తే చాలన్నారు. ఇప్పటికి 900కు పైగా తిమింగల సొరలు అలా ప్రాణాలతో బయటపడ్డాయి.

మన దేశంలో సొర రక్షణలో ఇంత గట్టి ఫలితం ఇంకెక్కడా లేదు. అందులో డైవింగ్ పర్యాటకం పాత్ర లేదు. నీళ్ళు అంత తేట కాదు, డైవర్లు రారు. ఫలితం రావడానికి కారణం డబ్బూ మర్యాదా రెండూ వలవాడి దగ్గరికే నేరుగా వెళ్ళడం. ఒక లోటు మాత్రం చెప్పాలి. పరిహారం వలకు, వల యజమానిది. నీళ్ళలోకి వంగి, తోక దెబ్బకు దూరంగా నిలబడి వల కోసే చెయ్యి చాలాసార్లు మన సిక్కోలు కలాసీది. ఆ చేతికీ వాటా ఉండాలి.

ఇప్పుడు మన విశాఖ. రుషికొండ, మంగమారిపేట దగ్గర సముద్రం అడుగున రాళ్ళు, పగడాలు చూపిస్తారు. చింతపల్లి దగ్గర మునిగిపోయిన ఓడ చూపిస్తారు. ఈ చింతపల్లి మన ఏజెన్సీది కాదు, పూసపాటిరేగ మండలపు తీరగ్రామం. మొదటిసారి స్కూబా చేసే కుర్రాళ్ళే ఎక్కువ. సొరల కోసం దూకే పర్యాటకం ఇక్కడ లేదు, పెట్టాలని ఎవరైనా ఎర బకెట్ పట్టుకొస్తే నేను వద్దంటాను. మన నీళ్ళు ఏడాదిలో చాలా నెలలు మసకగా ఉంటాయి. ఎరకు ఏం వస్తుందో, ఆ పక్కనే ఈదే జనానికి ఏమవుతుందో చెప్పలేని చోట ఆ ఆట ఆడకూడదు.

అయినా ఈ చిన్న డైవింగ్ పరిశ్రమ చేయగలిగింది ఉంది. కెమెరా ఉన్న కళ్ళు దానివి. కిందికి దిగినవాళ్ళకు కనబడిన ప్రతి సొర, ప్రతి టేకి, రాళ్ళకు చుట్టుకున్న ప్రతి తెగిన వల ఫొటో, తేదీ, చోటు విశాఖలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన కేంద్రానికి చేరితే పదేళ్ళలో మన తీరానికీ ఒక చరిత్ర తయారవుతుంది. తంతడి సొర ఆనవాలు కోసం పరాయి దేశాన్ని అడగాల్సిన అవసరం అప్పుడు తగ్గుతుంది. ఇంకొకటి డబ్బు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట విరామానికి ప్రభుత్వం మత్స్యకార కుటుంబాలకు భృతి ఇస్తోంది, 2025 నుంచి అది 20 వేలయింది. అంటే పడవ పడవకూ, ఇంటింటికీ డబ్బు చేర్చే దారి మన రాష్ట్రంలో వేసే ఉంది. ఆ దారిలోనే సొర పరిహారం కూడా నడవవచ్చు. తిమింగల సొరకే కాదు, కడుపుతో ఉన్న సొరకూ, గిటారు చేపకూ, ప్రాణంతో వదిలిన ప్రతి రక్షిత జాతికీ.

రుషికొండలో ఒక్కో స్కూబా టికెట్ మీద వంద రూపాయలు ఇందుకోసం తీయడం ఎవరికీ భారం కాదు. ఆ ఖాతా పూడిమడక, తంతడి లాంటి ఊళ్ళ మత్స్యకార సహకార సంఘాల పేరున ఉండాలి, లెక్క ఊరి రచ్చ దగ్గర గోడ మీద రాయాలి. వల యజమానికి ఎంత, కోసిన కలాసీకి ఎంత అన్నది ముందే తేల్చుకోవాలి. ఫోన్లో ఫొటో చూపించిన వారంలోగా డబ్బు చేతిలో పడాలి. నెలలు తిప్పించుకుంటే ఆ జాలరి రెండోసారి కత్తి తీయడు, తీయమని అడిగే హక్కు మనకూ ఉండదు.